టీచరు నేర్చుకున్నది పిల్లల నోటు పుస్తకం దాకా వచ్చిందా? కాంప్లెక్సు స్థాయిలో గుర్తింపు ఇచ్చే పద్ధతి

సెప్టెంబరు 5 దగ్గర పడుతుంటే స్కూలు కాంప్లెక్సు (దగ్గర్లోని కొన్ని బడుల సముదాయం) హెచ్‌ఎంలూ, ఎంఈవోలూ (మండల విద్యాధికారులు), ప్రైవేటు బడుల ప్రిన్సిపాళ్లూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "శిక్షణల్లో నేర్చుకుని బోధనను నిజంగా మార్చుకున్న టీచరును ఎలా గుర్తించాలి? ఎవరి పేరు పెట్టినా, 'ఆయనకెందుకు, నాకెందుకు కాదు' అని మిగతావాళ్లు అంటారు." వాళ్లు అలా అనడం న్యాయమే. ఎందుకు ఎంపిక చేశారో చెప్పడానికి చేతిలో ఆధారం లేనప్పుడు ఏ ఎంపికైనా మొహమాటంగానే కనిపిస్తుంది.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి అవకాశం ఉండాలి. టీచర్ల కోసం కేంద్రం నడిపే నిష్ఠ శిక్షణలు, దీక్షా వేదికలోని ఆన్‌లైన్ కోర్సులు, కాంప్లెక్సు సమావేశాలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అందువల్ల చాలాచోట్ల గంటలనే ప్రతిభగా లెక్కేస్తున్నారు. కోర్సు పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ చెబుతుంది, అంతవరకే. ఆ టీచరు మర్నాడు తరగతిలో ఏం మార్చారో అది చెప్పలేదు. మీరు వెతకాల్సింది ఆ మార్పు కోసమే.

పది బడులు, నలభై మంది టీచర్లు ఉన్న కాంప్లెక్సును దృష్టిలో పెట్టుకుని ఈ లెక్కలు వేశాం. ఒకే బడిలో చేసేవాళ్లకు మార్పులు చివర్లో ఉన్నాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- నలుగురు సభ్యుల కమిటీ. అందులో ఒకరు కచ్చితంగా బయటివారై ఉండాలి: డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరరు గానీ పక్క కాంప్లెక్సు హెచ్‌ఎం గానీ. ఒక ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు) కూడా ఉండాలి. అందరూ హైస్కూలువాళ్లే అయితే ప్రాథమిక తరగతుల పని వాళ్ల కంటికి ఆనదు.
- రెండు పేజీల దరఖాస్తు. రెండుకు మించనివ్వకండి.
- తరగతి పరిశీలనకు తెల్ల కాగితాలు, చేతి గడియారం.
- చదవడం, లెక్కలు పరీక్షించే కార్డులు, ఒక్కోటి మూడు రకాలు.
- మార్కుల పట్టిక.
- ఒక విద్యా సంవత్సరం సమయం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

1. క్యాలెండరును వెనక నుంచి వేసుకోండి

జూన్‌లో బడి తెరిస్తే సెప్టెంబరు 5 నాటికి మూడు నెలలైనా నిండవు. ఆ లోపు జరిగిన పనిని చూసి గుర్తింపు ఇస్తే అది నిలిచిన మార్పో, కొత్త ఉత్సాహమో తేలదు. వేసవిలో బదిలీలు జరిగితే పోయినేటి పని చూపించాల్సిన టీచరు అసలు ఆ మండలంలోనే ఉండకపోవచ్చు.

కాబట్టి ఇలా వేసుకోండి. జులై మొదటి రెండు వారాల్లో ప్రారంభ పరీక్ష. ఆగస్టు 15 లోపు టీచర్ల నుంచి ఒక పేరా: ఈ ఏడాది ఏ సమస్య మీద పనిచేస్తారో రాసివ్వాలి. నవంబరు నుంచి జనవరి దాకా తరగతి పరిశీలనలు, సంక్రాంతి సెలవులు వదిలేసి. ఫిబ్రవరి రెండో వారంలో తుది పరీక్ష, నెలాఖరుకు ఫలితం. మార్చిలోకి జారనివ్వకండి, పదో తరగతి పరీక్షల డ్యూటీలు పడితే కమిటీ మళ్లీ కూడదు. సన్మానం సెప్టెంబరులోనే చేయాలనుకుంటే చేయండి, కానీ ఎంపిక ఫిబ్రవరిలోనే ముగించి పేర్లు ప్రకటించేయండి.

2. దరఖాస్తులో ఐదే ప్రశ్నలు అడగండి

మీ తరగతిలో మీరు గమనించిన ఒక సమస్య ఏమిటి? దానికోసం ఏం నేర్చుకున్నారు, ఎక్కడ? తరగతిలో ఏం మార్చారు, ఎన్ని వారాలు చేశారు? పిల్లల్లో ఏం మారింది, ఎలా తెలిసింది? ఇంకెవరికి నేర్పారు?

"ఎక్కడ" అన్న ప్రశ్నకు అధికారిక శిక్షణ పేరే రావాలని పట్టుబట్టకండి. పక్క బడి టీచరు పాఠం చూసి నేర్చుకున్నా, ఇద్దరు కలిసి నోటు పుస్తకాలు దిద్దుతూ నేర్చుకున్నా అది వృత్తి అభ్యసనమే. ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేవారికి బడి వదిలి శిక్షణకు వెళ్లడమే కష్టం. గంటలకు మార్కులేస్తే వాళ్లు మొదటి వరుసలోనే తప్పిపోతారు. అందుకే సర్టిఫికెట్లకు మార్కులు వద్దు. కావాలంటే తప్పనిసరి శిక్షణలు పూర్తయ్యాయా లేదా అని ఒక టిక్కు పెట్టించుకోండి, అంతే.

సమస్య ఎంత చిన్నదైతే దరఖాస్తు అంత నమ్మదగ్గది. "పిల్లల్లో సృజనాత్మకత పెంచడం" అని రాస్తే దేన్ని చూడాలో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. "మూడో తరగతిలో 52 నుంచి 27 తీసివేయమంటే 35 రాస్తున్నారు" అని రాస్తే పని సగం అయినట్టే. ఆ పిల్లలు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు: ఐదులోంచి రెండు, ఏడులోంచి రెండు. తప్పు ఎక్కడ పుడుతోందో ఆ టీచరుకు తెలుసని ఆ ఒక్క వాక్యం చెబుతోంది.

దరఖాస్తులు పదికి మించితే ఈ కాగితాల మీదే పదికి కుదించండి. పది మందికి రెండేసి పరిశీలనలు, ఒక్కోదానికి ఇద్దరు పరిశీలకులు అంటే ఒక్కో సభ్యుడికి పది పీరియడ్లు. మూడు నెలల్లో అది చేయగలిగిన పని. ఇరవై మందికి చేస్తామంటే చివరికి ఫొటోలు చూసి మార్కులేస్తారు.

3. తరగతిని ఇలా చూడండి

ఒక పరిశీలన తేదీ ముందే చెప్పండి. రెండోదానికి వారం మాత్రమే చెప్పండి, రోజు చెప్పవద్దు. ముందే కమిటీ నుంచి ఒక మాట స్పష్టంగా వెళ్లాలి: ఇది తనిఖీ కాదు, ఇక్కడ రాసింది ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. ఆ మాట నిలబెట్టుకోండి. ఒక్కసారి తప్పితే వచ్చే ఏడాది దరఖాస్తులు రావు.

పీరియడ్ మొత్తం వెనక కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ రాయకండి, పిల్లలు మిమ్మల్ని మరచిపోవాలి. తర్వాత తెల్ల కాగితం మీద బెంచీలు, లేదా నేల మీద కూర్చున్న వరుసలు, పటంలా గీసుకోండి. ఏ బిడ్డ పాఠం గురించి మాట్లాడినా, బోర్డు దగ్గరికి వచ్చినా ఆ చోట ఒక చుక్క పెట్టండి. అందరూ కలిసి ఒకే గొంతుతో చెప్పినదానికి చుక్క లేదు. పీరియడ్ అయ్యేసరికి ఆ కాగితం మీకు చాలా చెబుతుంది. చుక్కలన్నీ ముందు రెండు వరుసల్లోనే పడ్డాయా? ఆడపిల్లల వైపు ఖాళీగా ఉందా? ఇరవై నిమిషాలు ఒక్క చుక్కా లేదా?

రెండో పరిశీలకుడు ప్రశ్నలు చూసుకోవాలి. టీచరు ప్రశ్న అడిగాక పిల్లవాడి జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారో మనసులో లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు. సాధారణంగా ఒక సెకనుకే జవాబు తామే చెప్పేయడమో, ఇంకొకరిని అడగడమో జరుగుతుంది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మాట్లాడని పిల్లలు నోరు తెరుస్తారు. ఇది చూడటానికి చిన్న విషయం, అలవాటు చేసుకోవడం మాత్రం కష్టం. ఆగుతున్న టీచరు కనిపిస్తే రాసుకోండి. తప్పు జవాబు వచ్చినప్పుడు "కాదు, కూర్చో" అంటున్నారా, "ఎలా చేశావు?" అని అడుగుతున్నారా అన్నదీ రాసుకోండి.

జాగ్రత్త: పిల్లలతో ముందే సాధన చేయించిన పాఠానికి కొన్ని గుర్తులుంటాయి. ప్రశ్న పూర్తికాకముందే జవాబు వస్తుంది. అన్ని చేతులూ ఒకేసారి లేస్తాయి. నోటు పుస్తకంలో అదే పాఠం అంతకుముందే ఉంటుంది. అనుమానం వస్తే టీచరును ఇబ్బంది పెట్టకండి. పీరియడ్ అయ్యాక ఆయన అనుమతితో బోర్డు మీద అంకెలు మార్చి ఒక లెక్క ఇవ్వండి. 52 – 27 మీద పాఠం జరిగితే 63 – 48 ఇవ్వండి. సరైన జవాబు 15. 25 అని రాస్తే పాత తప్పు అలాగే ఉన్నట్టు. 70 – 36 ఇంకా మంచి పరీక్ష. పైన సున్నా కనబడగానే చాలామంది 46 రాసేస్తారు, 34 రావాలి.

4. నోటు పుస్తకాలు మీరే ఎంచుకోండి

ఈ మెట్టు దాటేయకండి. మొత్తం ప్రక్రియలో దీన్ని మించిన ఆధారం లేదు.

టీచరు తెచ్చి ఇచ్చే పుస్తకాలు చూడకండి. హాజరు పట్టీ తీసుకుని, మొత్తం పిల్లల సంఖ్యను ఆరుతో భాగించండి. ముప్ఫై మంది ఉంటే ప్రతి ఐదో నెంబరు: 5, 10, 15 అలా 30 వరకు. కొన్ని పట్టీల్లో మగపిల్లల పేర్లన్నీ ముందు, ఆడపిల్లలవి తర్వాత ఉంటాయి. ఇలా లెక్కపెడితే రెండు వైపుల నుంచీ వస్తాయి. పన్నెండు మంది లోపే ఉంటే అందరివీ చూడండి.

ఒక్కో పుస్తకంలో జులై పేజీ, అక్టోబరు పేజీ, జనవరి పేజీ తెరిచి పక్కపక్కన పెట్టండి. మూడు విషయాలు చూడండి. మొదటిది, దరఖాస్తులో చెప్పిన తప్పు జులైలో నిజంగా ఉందా? రెండు, మార్చిన పద్ధతి జాడ పుస్తకంలో కనిపిస్తోందా? పుల్లల కట్టలతో నేర్పామంటే పదుల కట్టను విప్పి పది పుల్లలు చేసినట్టు బొమ్మ ఎక్కడో ఉండాలి. మూడు, దిద్దిన తర్వాత పిల్లవాడు మళ్లీ చేశాడా? ఎర్ర టిక్కులు వరుసగా ఉండి, తప్పు దగ్గర సరైన జవాబు టీచరు చేతిరాతలోనే ఉంటే అది దిద్దడం మాత్రమే. ఆరు పుస్తకాల్లోనూ ఒకే జవాబు, ఒకే కొట్టివేత ఉంటే బోర్డు మీద నుంచి ఎక్కించుకున్నారని అర్థం.

తెలుగుకూ ఇదే పద్ధతి. ఒత్తులు నేర్పామంటే "అకక" అని రాసిన బిడ్డ "అక్క" అని రాయడం చాలదు, ఆ పదం కంఠతా వచ్చి ఉండవచ్చు. పాఠంలో లేని పదాలు చెప్పి రాయించండి: గువ్వ, రొట్టె, బుగ్గ. అవి సరిగ్గా వస్తే ఒత్తు అర్థమైనట్టు.

5. పిల్లల పరీక్ష వేరే బడి టీచరుతో చేయించండి

చదవడానికి నాలుగు మెట్ల కార్డు చాలు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలు వాడేది ఇలాంటిదే. తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు (ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే కార్యక్రమం) అమలు చేసిన బడుల్లో పిల్లల స్థాయిల రికార్డు ఉండి ఉంటే దాన్నే ప్రారంభ లెక్కగా తీసుకోండి, కొత్త పరీక్ష పెట్టి పని పెంచకండి.

ఒక్కో పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టండి. వరుసలో నిలబెడితే ముందు వాడు చదివిన పేరా వెనకవాడికి నోటికి వచ్చేస్తుంది. మూడు రకాల కార్డులు చేయమన్నది అందుకే. పరీక్ష రెండు వేర్వేరు రోజుల్లో పెట్టండి. తరచూ రాని పిల్లలే వెనకబడినవాళ్లు కూడా. ఒకే రోజు పెట్టి వచ్చినవాళ్లనే లెక్కేస్తే ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. పట్టీలో ఎంతమంది, పరీక్షించింది ఎంతమంది, రెండూ రాయండి.

శాతాలు వద్దు. ఎనిమిది మంది ఉన్న తరగతిలో ఇద్దరు ముందుకు వస్తే అది 25 శాతం. నలభై మంది ఉన్నచోట అదే శాతం పది మంది. "22 మందిలో జులైలో ముగ్గురు, ఫిబ్రవరిలో 16 మంది" అని మనుషుల లెక్క రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంకొక మాట. ఏడాది గడిస్తే పిల్లలు ఎలాగూ కొంత నేర్చుకుంటారు. అదంతా టీచరు కొత్తగా నేర్చుకున్నదాని ఫలితం అనేయలేం. వీలైతే పక్క బడిలో అదే తరగతికి అవే కార్డులతో పరీక్ష చేయండి. వీలుకాకపోతే మొత్తం మార్కులు వదిలేసి, దరఖాస్తులో చెప్పిన ఆ ఒక్క తప్పు ఎంతమందిలో పోయిందో చూడండి. అప్పుడు పోలిక కొంచెం నమ్మకంగా ఉంటుంది.

6. మార్కులు విడివిడిగా వేసి, తర్వాత కలవండి

మేం సూచించే పట్టిక ఇది, మొత్తం 100:

- సమస్యను స్పష్టంగా గుర్తించడం: 15
- ఏం నేర్చుకున్నారు, అది ఆ సమస్యకు సరిపోతుందా: 10
- తరగతిలో అమలు, కనీసం ఆరు వారాలు: 30
- పిల్లల్లో మార్పు (నోటు పుస్తకాలు, పరీక్ష కలిపి): 30
- తోటి టీచర్లకు అందించడం: 15

నలుగురూ ఒకరిది ఒకరు చూడకుండా మార్కులేయాలి. ఒకే దరఖాస్తుకు ఇద్దరి మధ్య పది మార్కులకు మించి తేడా వస్తే సగటు తీసి సరిపెట్టకండి. చుక్కల పటాలూ పుస్తకాల పేజీలూ మళ్లీ ముందు పెట్టుకోండి. తేడా సాధారణంగా ఎక్కడ వస్తుందంటే, ఒకరు చూసింది పాఠాన్ని, ఇంకొకరు చూసింది పాఠం చెప్పిన మనిషిని. సొంత బడి టీచరుకు, చుట్టానికి, స్నేహితుడికి ఆ సభ్యుడు మార్కులు వేయకూడదు.

అనుకున్నది పనిచేయలేదని నిజాయితీగా రాసి, మధ్యలో పద్ధతి మార్చుకున్న టీచరు కనిపిస్తే అమలు కింద మార్కులు తగ్గించకండి. నేర్చుకోవడం అంటే అదే.

ఎక్కువగా జరిగే తప్పులు

సీనియారిటీ ప్రకారం వంతులేసి ఇవ్వడం. ఇలాచేస్తే ఎవరూ నొచ్చుకోరు, కానీ రెండేళ్లకు ఆ గుర్తింపును ఎవరూ పట్టించుకోరు.

గోడల నిండా ఉన్న టీఎల్‌ఎం (బోధనోపకరణాలు) చూసి పడిపోవడం. చార్టు మీద దుమ్ముందా, అంచులు నలిగాయా చూడండి. పిల్లలు వాడిన వస్తువు నలుగుతుంది.

పదో తరగతి ఉత్తీర్ణత శాతాన్ని కొలబద్దగా పెట్టడం. అది ఐదారుగురు టీచర్ల పని, ఏళ్ల పని. పైగా ప్రాథమిక బడుల టీచర్లకు అసలు అవకాశమే ఉండదు.

అందమైన పీపీటీకి మార్కులు. రెండు పేజీల చేతిరాత దరఖాస్తుకూ అదే విలువ ఉండాలి.

ఫొటోలను ఆధారంగా తీసుకోవడం. ఫొటోలో ఒక్క నిమిషమే కనిపిస్తుంది. పైగా పిల్లల ముఖాలున్న ఫొటోలు గ్రూపుల్లో తిరగడం మంచిది కాదు. పుస్తకం పేజీ ఫొటో అయితే పేరు కనబడకుండా తీయించండి.

7. గుర్తింపు ఎలా ఇవ్వాలి

శాలువా, మెమెంటో వద్దని మేం అనం, అవి మర్యాద. కానీ ప్రశంసా పత్రంలో రాసే వాక్యం మీద వాటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. "విద్యారంగానికి విశేష సేవలందించినందుకు" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. ఇలా రాయండి: "మూడో తరగతి పిల్లలు తీసివేతలో చేస్తున్న తప్పును నోటు పుస్తకాల్లో గుర్తించి, పుల్లల కట్టలతో బోధనను మార్చుకుని, 22 మందిలో 16 మంది సొంతంగా చేసే స్థాయికి తెచ్చి, మరో రెండు బడుల టీచర్లకు ఆ పద్ధతి నేర్పినందుకు." ఈ వాక్యం రాయలేకపోతున్నారంటే ఎంపికలో ఏదో లోపముంది. మళ్లీ కాగితాలు తీయండి.

తర్వాతి కాంప్లెక్సు సమావేశంలో ఆ టీచరుకు ముప్ఫై నిమిషాలివ్వండి. ఉపన్యాసానికి కాదు, ఆ పాఠాన్ని చేసి చూపించడానికి. ఇంకా మంచిది, నలుగురు టీచర్లను ఒక పూట ఆ తరగతికి పంపడం. వాళ్ల బడుల్లో సర్దుబాటు ఎవరు చేస్తారో హెచ్‌ఎంలతో ముందే మాట్లాడి ఉంచండి. ఇద్దరు కలిసి చేసిన పనైతే ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆ ఫైలు ఒక ప్రతి టీచరు దగ్గరే ఉంచుకోమనండి. జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచర్లే స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటున్నారు, అప్పుడు ఈ ఆధారాలు అక్కరకొస్తాయి.

ఎంపిక కానివారికి వారం లోపు మూడు వాక్యాలు రాసి పంపండి: ఏది బాగుంది, ఏ ఆధారం చాలలేదు, వచ్చే ఏడాది ఏం చేయవచ్చు. ఫోనులో "బాగుందండీ, కొంచెంలో తప్పింది" అంటే వాళ్లకు ఏమీ తెలియదు.

మార్పులతో వాడుకోవాలంటే

ఒకే ప్రైవేటు బడి అయితే ముగ్గురి కమిటీ చాలు, కానీ బయటి మనిషిని మాత్రం వదలకండి. ప్రమోషనుకో, జీతం పెంపుకో దీన్ని ముడిపెడితే టీచర్లు సమస్యలు రాయడం మానేస్తారు. విదేశాల్లో వారాంతపు తెలుగు బడులు నడిపేవాళ్లకు వారానికి ఒకటి రెండు గంటలే దొరుకుతాయి గనుక ఆరు వారాలకు బదులు పన్నెండు తరగతులు పెట్టుకోండి. పరీక్ష కార్డులో చదవడంతో పాటు రెండు నిమిషాల సంభాషణ కూడా చేర్చండి.

పద్ధతి పనిచేసిందో లేదో చూడటానికి

జూన్‌లో బడి తెరిచాక ఆరు వారాలు ఆగి మూడు లెక్కలు తీయండి. గుర్తింపు పొందిన టీచరు కొత్త పిల్లలతోనూ అదే పద్ధతి కొనసాగిస్తున్నారా? ఆ పద్ధతిని తమ తరగతిలో ప్రయత్నించిన ఇతర టీచర్లు ఎంతమంది? పేర్లతో రాయండి, "చాలామంది" అని కాదు. ఈ ఏడాది దరఖాస్తులు ఏయే బడుల నుంచి వచ్చాయి? రెండేళ్లు వరుసగా ఏకోపాధ్యాయ బడుల నుంచి ఒక్కటీ రాకపోతే దరఖాస్తులు అడగడం ఆపి, సీఆర్పీని (కాంప్లెక్సు బడులకు తోడ్పడే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) పంపి ఆ బడుల నోటు పుస్తకాలు చూసి రమ్మనండి.